నా సాలీడుకు అప్పటికే పేరుంది

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నాలాంటి వాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. సీసాలో ఉన్నది కొత్త జాతో కాదో తేలకముందే నోటుపుస్తకం చివరి పేజీలో దానికి పేరు రాసి పెట్టుకున్నాను.

అవి గంతులేసే సాలీళ్ళు, సాల్టిసిడే కుటుంబం. ఒక్క ఈ కుటుంబంలోనే 6,000కు పైగా జాతులున్నాయి. నా దగ్గరున్న మగవి నల్లగా, తెల్ల చారలతో మెరిసిపోతున్నాయి. ఆడవి మట్టిరంగు, ఏ హంగూ లేదు. రెండింటికీ పోలికే లేదు కాబట్టి ఇవి రెండు కొత్త జాతులన్నమాట అనుకున్నాను. పేర్లు కూడా రెండు రాశాను మరి!

మా గైడు సార్ నన్ను రంగుల మాటే ఎత్తనివ్వలేదు. "ఆల్కహాల్‌లో పడ్డాక రంగు ఎన్నాళ్ళు నిలుస్తుందయ్యా? ముందు పాల్ప్ చూడు" అన్నారు. సాలీళ్ళలో జాతిని తేల్చేవి ప్రధానంగా జననాంగాలే. మగవాటికి నోటి పక్కనుండే పెడిపాల్ప్ చివరి ఉబ్బు, ఆడవాటికి పొట్ట కింద ఎపిజైన్. దాన్ని కోసి తీసి, లోపలి గొట్టాలు కనిపించేలా లవంగ నూనెలో నానబెట్టాలి. ఆ నెలలన్నీ నా వేళ్ళు పంటి డాక్టరు గదిలా వాసనేసేవి. పాల్ప్ బొమ్మకు ఎడమదాన్నే గీయడం ఆనవాయితీ. మొదటిదాని ఎడమ పాల్ప్ నా ఫోర్సెప్స్ కింద విరిగింది. కుడిదాన్ని గీసి, అద్దంలో కనిపించినట్టు తిప్పుకోవాల్సొచ్చింది.

బొమ్మలయ్యాక అసలు పని మొదలైంది. ఈ ప్రాణిని ఇంతకుముందు ఎవరూ వర్ణించలేదని తేల్చుకోవాలి. జంతువుల పేర్లకు లెక్క 1758 నుంచి, అంటే లిన్నేయస్ 'సిస్టమా నేచురే' పదో కూర్పు నుంచి మొదలవుతుంది. ఇక్కడ మా సాలీళ్ళవాళ్ళు కాస్త మీసం మెలేస్తారు. క్లెర్క్ 1757లో వేసిన స్వీడన్ సాలీళ్ళ పుస్తకానికి నిబంధనల్లోనే మినహాయింపు ఉంది, లిన్నేయస్ కన్నా దానికే ముందు వరస. ఆనాటి నుంచి ఎవరు ముందు పెడితే వాళ్ళ పేరే చెల్లుతుంది. అందరూ ఎకిడ్నా అని పిలిచే ముళ్ళ జంతువుకు శాస్త్రంలో ఆ పేరు దక్కనే లేదు. అప్పటికే ఒక ఈల్ చేపల ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) దాన్ని పెట్టేశారు కాబట్టి ఇది టాకిగ్లాసస్ అయింది.

సాలీళ్ళ జాతుల లెక్క 2022లోనే 50,000 దాటింది. అదృష్టం కొద్దీ వాటన్నిటికీ వరల్డ్ స్పైడర్ కేటలాగ్ ఉంది. నాకు కావలసిన ప్రజాతి అంతా వెతికాను, ఏదీ సరిపోలేదు. సంబరపడి సార్‌కు చెబితే, "పక్క ప్రజాతులు చూశావా?" అన్నారు. చూశాను. పందొమ్మిదో శతాబ్దపు వర్ణన ఒకటి తగిలింది. లాటిన్‌లో నాలుగు ముక్కలు, గోరంత బొమ్మ, దొరికింది ఒకే ఒక్క ఆడ సాలీడు. ఆ బొమ్మ చూస్తే అది సాలీడో నువ్వుగింజో కూడా తెలియదు.

ఇలాంటప్పుడు దిక్కు హోలోటైప్. ఒక జాతి పేరు కట్టుబడి ఉండేది మ్యూజియం సీసాలోని ఆ ఒక్క నమూనాకే. పోస్టులో పంపడం కుదరదని, మైక్రోస్కోప్ కింద పెట్టి ఫోటోలు తీసి పంపారు. తెరిచి చూస్తే నేను లవంగ నూనెలో నానబెట్టిన ఎపిజైనే, మలుపుతో సహా! పోనీ మగదైనా మిగిలింది కదా అనుకుంటే, రెండింటి కాళ్ళ నుంచి తీసిన డీఎన్ఏ ఆ ఆశా తుంచేసింది. మొగుడూ పెళ్ళాలని రెండు జాతులుగా విడదీసి కూర్చున్నాను. వారం రోజులు సార్ ముఖం చూడలేదు.

చివరికి పేపరు వచ్చింది, మగ సాలీడు తొలి వర్ణనగా. పాత రచయిత దాన్ని వేరే ప్రజాతిలో పెట్టాడని మగదాని పాల్ప్ చూశాకే తేలింది, సరైన చోటికి మార్చాం. మార్చి పెట్టిన ప్రజాతి పేరు లాటిన్‌లో స్త్రీలింగం కాబట్టి జాతి పేరులోని విశేషణం చివరి 'అస్' కాస్తా 'ఆ' అయింది. ప్రజాతి మారిందని గుర్తుగా, జాతి పేరు వెనక రాసే ఆ పాత రచయిత పేరు చుట్టూ బ్రాకెట్లు పడ్డాయి. మొక్కల్లోనైతే మార్చినవాళ్ళ పేరు కూడా పక్కన చేరుస్తారు, జంతువుల్లో ఆ పద్ధతి లేదు. నోటుపుస్తకంలోని రెండు పేర్లూ కొట్టేశాను. బ్రాకెట్లు మాత్రం నావే.