కుడి స్టిక్ ఇంకా లొంగలేదు

గురి మళ్లీ దాటిపోయింది! మౌస్ వదిలి గేమ్ కంట్రోలర్ పట్టాను, దాని కుడి స్టిక్‌తో గురి పెట్టాలి. షూటింగ్ గేమ్ ప్రాక్టీస్ రేంజ్‌లో 20 మీటర్ల దూరంలో ఉన్న బొమ్మ అది, కదలనైనా కదలదు. క్రాస్‌హెయిర్ (తెర మీద గురి గుర్తు) దాని తల మీద ఆగాలి, అంతే. కానీ కుడికి దాటిపోతుంది, వెనక్కి లాగితే ఎడమకు దాటిపోతుంది. మౌస్‌తో రెప్పపాటులో అయ్యే పని ఇది. ఒళ్లు మండిపోతోంది.

మిగతావన్నీ దారికొచ్చాయి. బటన్లు చూడకుండానే వేళ్లకు దొరుకుతున్నాయి. కార్ల గేముల్లో ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంతే వేగం, ఇక కీబోర్డుతో కారు నడపను.

సెన్సిటివిటీని, అంటే స్టిక్ వంపుకు గురి తిరిగే వేగాన్ని, 6లో పెట్టి స్టిక్‌ను పూర్తిగా వంచితే ఒక చుట్టు తిరగడానికి సుమారు 2 సెకన్లు పడుతోంది. 3కి దించితే 4 సెకన్లు. 3లో గురి కాస్త కుదురుతుంది కానీ, వెనక నుంచి ఎవరైనా కాలిస్తే తిరిగేలోపే ఆట అయిపోతుంది. డెడ్ జోన్‌ను, అంటే స్టిక్ కదిలినా గేమ్ పట్టించుకోని మధ్య భాగాన్ని, 5 శాతంలో ఉంచితే వేలు తీసేసినా క్రాస్‌హెయిర్ మెల్లగా ఎడమకు జారుతోంది. 12కి పెంచితే జారడం ఆగింది, కానీ మొదట ఏమీ కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. 8 దగ్గర రెండు జబ్బులూ కొంచెం కొంచెం ఉన్నాయి. రెస్పాన్స్ కర్వ్‌ను, అంటే వంపును బట్టి వేగం పెరిగే తీరును, లీనియర్ (సమానంగా పెరిగేది) నుంచి ఎక్స్‌పొనెన్షియల్‌కి (మొదట నెమ్మదిగా, చివర్లో వేగంగా పెరిగేది) మారిస్తే మధ్యలో నెమ్మదించింది, కానీ అంచు దగ్గర వేగం ఎప్పుడు పెరుగుతుందో చేతికి అందడం లేదు. టీవీ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్‌లోనే ఉంది కాబట్టి దాన్ని అనుమానించడం లేదు.

నా అనుమానం వేరే. మౌస్ ఎంత జరిపితే గురి అంత జరుగుతుంది, చెయ్యి ఆగితే అదీ ఆగుతుంది. స్టిక్ వంపు చెప్పేది చోటు కాదు, వేగం. అంటే బొమ్మ దగ్గరికి చేరకముందే వేలు వెనక్కి రావడం మొదలవ్వాలి. ఏళ్ల తరబడి మౌస్ పట్టిన చెయ్యి, గురి చేరాక గానీ ఆగనంటోంది. పైగా అక్కడ మోచెయ్యి, మణికట్టు, వేళ్లు అన్నీ పంచుకునే పనిని ఇక్కడ ఒక్క బొటనవేలే మొయ్యాలి. నాకు ఆ వేలి మొదట్లో కీలు త్వరగా అలిసిపోతుంది. అరగంట దాటితే గురి ఇంకా చెడుతోంది.

కొంత పనిచేసింది ఇది: కుడి స్టిక్‌తో దగ్గరకు తెచ్చి, చివరి కాస్త తేడాను ఎడమ స్టిక్‌తో పక్కకు అడుగు వేసి సరిదిద్దడం. అడ్డంగా తప్పిన గురి దీంతో కుదురుతోంది. నిలువుగా తప్పింది మాత్రం అలాగే ఉంది.

ఈ పరీక్షలన్నీ ఎయిమ్ అసిస్ట్ (గురికి గేమ్ చేసే సాయం) ఆపేసి చేస్తున్నాను, లేకపోతే తేడా ఎక్కడుందో కనబడదు. అసలు ఆటలో మాత్రం వాడతాను. అది మోసమనే మౌస్ వాళ్ల మాట నేను ఒప్పుకోను. వేగాన్ని వేలితో తూచే పరికరానికి, లక్ష్యం దగ్గర ఆ వేగం కాస్త తగ్గించడం న్యాయమే.

ఇప్పుడున్న కంట్రోలర్‌లో గైరో (తిప్పడాన్ని పసిగట్టే సెన్సర్) లేదు. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌లో ఉంది, తర్వాత కొనేది అదే. గైరోలో కంట్రోలర్ తిరిగిన కోణాన్ని బట్టి గురి కదులుతుంది, అంటే మళ్లీ మౌస్ లెక్కే. పెద్ద మలుపులకు స్టిక్, చివరి నిలువు సవరణకు గైరో వాడాలని ఉంది. అన్ని గేముల్లో ఆ సదుపాయం లేదు, ముందు ఆ జాబితా చూసుకోవాలి. జారుడు సమస్యకు హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లే మేలని నా అభిప్రాయం. అయస్కాంతంతో పనిచేస్తాయి, సెన్సర్‌లో రాపిడి ఉండదు. ఈలోగా స్టిక్ మీద ఎత్తైన టోపీ తొడిగి, సెన్సిటివిటీ 4లో, కేవలం పైకీ కిందికీ గురి పెట్టి చూస్తాను. అదే కోణానికి వేలు ఎక్కువ దూరం జరగాలి కాబట్టి నిలువు తేడా తగ్గొచ్చు.