తిరుపతి ఎండలో 1/24 కారుకు రంగు

ప్లాస్టిక్ మోడల్ కారు కిట్టు పెట్టె తెరవగానే చెయ్యి చక్రాల మీదికీ ఇంజిన్ మీదికీ పోతుంది. నేను మాత్రం బాడీతోనే మొదలుపెడతాను. దాని రంగు ఆరి గట్టిపడేలోపు సీట్లు, ఛాసిస్ పని తీరిగ్గా అయిపోతుంది.

4.2 మీటర్ల అసలు కారు 1/24 స్కేలులో 17.5 సెంటీమీటర్లకు దిగుతుంది. రంగు కాస్త మందమైనా డోరు గీతలు పూడిపోతాయి. అందుకే ప్రైమర్‌కు (రంగు కింద వేసే అడుగు పూత) ముందే స్క్రైబర్‌తో (గీతలు చెక్కే సన్న మొన పనిముట్టు) ఆ గీతల్ని తేలిగ్గా రెండు మూడుసార్లు లోతు చేసుకుంటాను. అచ్చు అతుకుల్ని 600, తర్వాత 1000 వాటర్ పేపర్‌తో తీసి, అంట్లు తోమే లిక్విడ్‌తో కడుగుతాను. అచ్చు జిడ్డు మిగిలితే రంగు పట్టక గుంటలు గుంటలుగా విడిపోతుంది. ప్లాస్టిక్ ఎర్రదై పైన తెలుపు వేయాలంటే ముందు ఒక సిల్వర్ కోటు తప్పదు. లేకపోతే ఎరుపు పైకి ఊరి తెలుపు కాస్తా గులాబీ అవుతుంది.

అసలు తంటా మన వాతావరణంతోనే. మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం లాకర్ (త్వరగా ఆరే స్ప్రే రంగు) కొడితే తుంపర గాల్లోనే సగం ఆరిపోయి, బాడీ మీద బొంబాయి రవ్వ చల్లినట్టు పడుతుంది. ఆ రోజుల్లో పొద్దున ఏడున్నరలోపే పని ముగించాలి, ఫ్యాను ఆపేసి. నవంబరు వానల్లో ఇబ్బంది వేరు. రంగును పలచన చేసే థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని చెమ్మ అక్కడ నీరై రంగు మీద తెల్లటి మసక కడుతుంది. రుద్దితే పోదు. పొడిగా ఉన్న రోజు రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలిపిన థిన్నర్‌ను పలచగా కొడితే చాలాసార్లు తేటపడుతుంది. తేమ మీటరు చూసి, 70 శాతం దాటితే రంగు కొట్టే గన్ను, అంటే ఎయిర్‌బ్రష్, ముట్టను.

ఎయిర్‌బ్రష్‌కు 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15–20 పీఎస్ఐ గాలి ఒత్తిడి, ఒక పాలు లాకర్‌కు ఒకటిన్నర పాలు థిన్నర్. మొదటి రెండు కోట్లు మంచు పట్టినట్టు, పావుగంట ఆగి మూడోది తడిగా. కార్ల షెడ్డుల్లో వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ చవకే, కానీ ప్రైమర్ లేని ప్లాస్టిక్‌ను తినేస్తుంది. దానితో గన్ను కడుక్కోవడమే మేలు.

డెకాల్స్ (బాడీ మీద అంటించే పలచటి బొమ్మలు, అంకెలు) అంటించి ఒక రోజు ఆరనివ్వాలి. వాటి మీద క్లియర్ (రంగు లేని పైపూత) మొదటిసారే తడిగా కొడితే ముడతలు పడతాయి, కాబట్టి ఇక్కడా ముందు మంచు కోట్లే. వారం తర్వాత ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. రంగు వాసన రాకపోతేనే పాలిష్. 2000, 3000 పేపర్, ఆపైన పాలిషింగ్ కాంపౌండ్. బానెట్ అంచుల్లో, ఫెండర్ మడతల్లో రంగు పలచగా ఉంటుంది, నాలుగు రుద్దులకే ప్రైమర్ బయటపడుతుంది. అక్కడ మాస్కింగ్ టేపు వేసే రుద్దుతాను.

అద్దాలకు సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరికి తెల్లబడిపోతాయి. సన్న పుల్లతో ఫెవికాల్ పూస్తే ఆరాక కనపడదు. క్రోమ్ బంపర్లకైతే అతికే చోట పూత గీకేయండి, లేదంటే మోడల్ సిమెంటు (ప్లాస్టిక్ జిగురు) ప్లాస్టిక్‌ను అందుకోక నాలుగు రోజులకు ఊడి చేతికొస్తాయి.