ప్లేగు మొక్కు తీర్చిన గుమ్మటం: వియన్నాలో కార్ల్స్‌కిర్షె

మా వైపు నుంచి యూరప్ వెళ్ళివచ్చేవారు వియన్నా ముచ్చట చెప్పేటప్పుడు షోన్‌బ్రున్ రాజభవనాన్ని, నగరం నడిబొడ్డున ఉన్న సెయింట్ స్టీఫెన్ కెథడ్రల్‌ను తప్పక తలుస్తారు గానీ, ఆ కెథడ్రల్ నుంచి నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో ఉన్న కార్ల్స్‌కిర్షె పేరు అరుదుగా వినిపిస్తుంది. పునీత చార్లెస్ బొరోమియో పేరిట 18వ శతాబ్దంలో కట్టిన ఈ చర్చిని ఆడంబరం నిండిన బరోక్ వాస్తుకు గొప్ప ఉదాహరణగా కళాచరిత్ర పుస్తకాలు చూపిస్తాయి. నాకు మాత్రం అది అన్నిటికన్నా ముందు ఒక మొక్కుబడి కట్టడంగా కనిపించింది. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారికి మొక్కు సంగతి వేరుగా వివరించనక్కరలేదు కాబట్టి, ఈ చర్చి కథ మనవాళ్ళకు తొందరగా మనసుకు ఎక్కుతుందని నా నమ్మకం.

మా మేనకోడలు ఆ చర్చి పక్కనే ఉన్న సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకుంటోంది. ఆమెను చూడటానికి అక్కతో కలిసి వెళ్ళినప్పుడు, కార్ల్స్‌ప్లాట్జ్ మెట్రో స్టేషన్ నుంచి బయటికి వచ్చి పార్కు దాటగానే, నీటి కొలను వెనక ఆకుపచ్చని పెద్ద గుమ్మటం, దానికి అటూ ఇటూ రెండు పొడవాటి స్తంభాలు కనిపించాయి. కొలనులో హెన్రీ మూర్ చేసిన కంచు శిల్పం ఒకటి ఉంది గానీ, ఆ గుమ్మటం ముందు దాన్ని చూసే ఓపిక ఎవరికీ ఉండదు. అక్క అక్కడే ఆగి, "తమ్మీ, గిది చర్చా, దర్గానా?" అని అడిగింది. నవ్వుకున్నాము గానీ ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆ స్తంభాలను చూసి మినార్లు గుర్తుచేసుకున్న యాత్రికులు చాలామంది ఉన్నారు. ఈ చర్చికి నమూనా గీసిన యోహాన్ బెర్న్‌హార్డ్ ఫిషర్ ఫాన్ ఎర్లాక్ 1721లో ప్రచురించిన వాస్తు చరిత్ర గ్రంథంలో గ్రీకు, రోమను కట్టడాలతోపాటు తుర్కుల మసీదుల చిత్రాలను కూడా చేర్చాడు. ఒట్టోమన్ సైన్యం వియన్నాను ముట్టడించింది 1683లో. ఆ ముట్టడి తర్వాత నలభై ఏళ్ళయినా గడవకముందే అదే నగరంలో ఒక శిల్పి శత్రువుల కట్టడాలను ఇంత శ్రద్ధగా గీసి అచ్చువేయడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

నిజానికి ఆ స్తంభాల మూలం రోమ్‌లో ఉంది. రెండో శతాబ్దం మొదట్లో ట్రాజన్ చక్రవర్తి విజయాలను చెక్కి నిలబెట్టిన స్తంభాన్ని అనుసరించి, ఇక్కడ చార్లెస్ బొరోమియో జీవిత ఘట్టాలను కింది నుంచి పైదాకా మెలికలు తిరిగే పట్టీగా చెక్కారు. మొదటి మూడు నాలుగు చుట్లు దాటాక ఏ బొమ్మ ఏమిటో కింద నిలబడినవారికి ఆనవాలు పట్టడం కష్టం. పైగా స్తంభాల నెత్తిన ఉన్న గద్దలు, కిరీటాలు పునీతుడివి కావు, ఈ చర్చి కట్టించిన ఆరో చార్లెస్ చక్రవర్తివి. ఆ రెండు స్తంభాలు చూపే స్థైర్యం, ధైర్యం అనే గుణాలు కూడా ఆయన బిరుదు వాక్యంలోని మాటలే. జంట స్తంభాలు స్పెయిన్ రాజచిహ్నంలో కనిపించే హెర్క్యులిస్ స్తంభాలకు గుర్తు, అంటే స్పెయిన్ సింహాసనంమీద ఆయనకున్న ఆశకు గుర్తు. ఆ సింహాసనం చర్చి పునాది పడకముందే చేజారిపోయింది. మొక్కు దేవుడి పేరిటే అయినా, కట్టినవాడి గొప్ప కూడా రాయిలో కొంత కలిసే ఉంటుంది. మన రాజుల గుళ్ళలోని శాసనాలు చదివినవారికి ఇది కొత్త కాదు.

ఇక మొక్కు సంగతి. 1713లో వియన్నాలో ప్లేగు వ్యాపించి వేలమంది చనిపోయారు. ఆ నగరాన్ని పట్టిన పెద్ద ప్లేగులలో అదే చివరిది. రోగం తగ్గితే తన పేరుగల పునీతుడికి చర్చి కట్టిస్తానని చక్రవర్తి ఆ సంవత్సరమే మొక్కుకున్నాడు. చార్లెస్ బొరోమియో మిలాన్ నగర అగ్రపీఠాధిపతి. 1576లో మిలాన్‌కు ప్లేగు సోకినప్పుడు గవర్నరుతో సహా పెద్దలు చాలామంది ఊరు విడిచి వెళ్ళినా, ఆయన అక్కడే ఉండి రోగుల మధ్య తిరిగాడు. 1584లో మరణించిన ఆయనను 1610లో పునీతుడిగా ప్రకటించారు. ప్లేగు రోగులను కాపాడేవాడిగా ఆయనను కొలిచే ఆచారం అప్పటికే ఉంది కాబట్టి, చక్రవర్తికి వేరొకరిని వెతుక్కునే అవసరం రాలేదు. 1716లో పునాది రాయి పడింది. ఫిషర్ 1723లో చనిపోగా, ఆయన కొడుకు యోసెఫ్ ఎమాన్యుయేల్ కొన్ని మార్పులు చేసి పని పూర్తిచేశాడు. 1737లో ప్రతిష్ఠ జరిగింది. అడిగిన మాటకు, తీర్చిన మాటకు మధ్య ఇరవై నాలుగేళ్ళు గడిచాయి.

ఈ కథను మేనకోడలు చదివి వినిపిస్తుంటే అక్కకు అందులో వింత ఏమీ కనిపించలేదు. మశూచి, కలరా రోజుల్లో మా ఊళ్ళలో పోచమ్మకు, ముత్యాలమ్మకు మొక్కుకున్నవారి కథలు ఆమె మా నాయనమ్మ దగ్గర విన్నది. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడికి కూడా ఇలాంటి కథే ఉంది. 1813లో జంటనగరాల్లో రోగం ప్రబలినప్పుడు ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి పటాలం సిపాయిలు మొక్కుకున్నారనీ, తిరిగి వచ్చాక అమ్మవారిని ప్రతిష్ఠించారనీ చెబుతారు. చార్మినార్‌ను ప్లేగు పోయినందుకే కట్టారన్న కథనం మనకు తెలిసినదే. నల్లగొండలో లతీఫ్ సాహెబ్ దర్గా ఉన్న గుట్ట ఎక్కేవారిలో, జాన్‌పహాడ్ సైదులు దర్గా దగ్గర కందూరు అనే మొక్కు విందు చేసేవారిలో హిందువులు ఎందరో ఉన్నారు. జబ్బు తగ్గితే ఏ దేవుడి బాకీ ఆ దేవుడికి తీర్చాలన్నదే వారి లెక్క. ఒక్క తేడా ఉంది. మనవైపు మొక్కు తీర్చే భారం మొక్కుకున్నవారి ఇంటిమీద పడుతుంది. వియన్నాలో మొక్కుకున్నది చక్రవర్తి కాబట్టి ఖర్చు సామ్రాజ్యంలోని రాజ్యాలన్నిటి మీదా పడింది.

చర్చి ముఖద్వారం గ్రీకు ఆలయం ముఖంలా ఆరు స్తంభాలతో ఉంటుంది. దానిమీది త్రికోణంలో ప్లేగు కాలపు వియన్నా దృశ్యాన్ని చెక్కారు. కింద లాటిన్‌లో ఉన్న వాక్యం 22వ దావీదు కీర్తన లోనిది: దేవునికి భయపడేవారి ఎదుట నా మొక్కుబడులు చెల్లిస్తాను అని దాని భావం. మేనకోడలు ఆ మాట చెప్పగానే అక్క, "మరి ముందే చెప్పొద్దా బిడ్డా, గిది మొక్కు గుడి అని" అని చెప్పులు విప్పబోయింది. ఇక్కడ అవసరం లేదని చెప్పి ఆపవలసి వచ్చింది.

లోపలి సంగతి చెప్పేముందు మన ప్రాంతపు చర్చిల గురించి ఒక మాట. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో క్రైస్తవం పల్లెలకు చేరింది ఎక్కువగా ప్రొటెస్టెంటు మిషనరీల ద్వారా; రష్యా నుంచి వచ్చిన మెన్నొనైటు మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో నల్లగొండలోనే స్థిరపడ్డాడు. వారి సంప్రదాయంలో ప్రార్థన మందిరం అంటే సున్నం వేసిన గోడలు, బల్లలు, వాక్యం చదివే పీట. విగ్రహాలకు, బొమ్మలకు చోటు లేదు. అలాంటి మందిరాలు చూసి పెరిగిన కళ్ళకు బరోక్ చర్చి లోపల అడుగుపెడితే కాసేపు దిక్కు తోచదు. పాలరాయి రంగులు, బంగారు పూత, మబ్బుల్లో తేలే దేవదూతలు, ఎటు చూసినా కదలిక. ఇదంతా తెలిసి చేసినదే. ప్రొటెస్టెంటు ఉద్యమం చిత్రాలను, ఆడంబరాన్ని కాదన్నప్పుడు, కాథలిక్ సంఘం వాటినే మరింత పెంచి, లోపలికి వచ్చినవాడి మనసును కళ్ళ ద్వారా లాగాలని నిశ్చయించుకుంది. బరోక్ వాస్తు బలం పుంజుకున్నది ఆ పట్టుదల నుంచే.

గుమ్మటం గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో, వాకిలి నుంచి బలిపీఠం వైపు సాగి ఉంటుంది. అందువల్ల లోపలికి అడుగుపెట్టినవారి చూపు ముందు తిన్నగా బలిపీఠం మీదికి పోయి, అక్కడి నుంచి పైకి ఎక్కుతుంది. బలిపీఠం వెనక చార్లెస్ బొరోమియో స్వర్గానికి వెళ్ళే దృశ్యాన్ని గచ్చుతో మలిచారు. దానిపైన బంగారు కిరణాల మధ్య హీబ్రూ అక్షరాల్లో దేవుని పేరు ఉంది. గుమ్మటం లోపలి చిత్రాన్ని యోహాన్ మిఖాయేల్ రోట్‌మాయర్ 1725 నుంచి 1730 వరకు వేశాడు. తడి సున్నపు పూత ఆరకముందే రంగు వేయవలసిన పద్ధతి అది. ఏ రోజు పని ఆ రోజే తేలిపోవాలి. ప్లేగును తొలగించమని బొరోమియో మరియమాత అండతో దేవుణ్ణి వేడుకోవడం అందులోని ముఖ్య దృశ్యం.

నేను వెళ్ళినప్పుడు చర్చి మధ్యలో, చిత్రాల మరమ్మతు కోసం నిలబెట్టిన పరంజాతోపాటు ఒక లిఫ్టు ఉండేది. నడుమ ఇనుప కట్టడం ఉండటం వల్ల లోపలి అందం కొంత చెడిందన్న ఫిర్యాదు న్యాయమైనదే. కింద ఎక్కడ నిలబడినా అది కంటికి అడ్డం వచ్చేది. అయినా ఆ లిఫ్టు చేసిన మేలును నేను మరవలేను. దాదాపు 32 మీటర్ల ఎత్తున ఉన్న వేదిక మీదికి అది మమ్మల్ని చేర్చగానే, కింది నుంచి చేతి వేలంత కనిపించిన దేవదూతలు ఎదురుగా మనిషిని మించిన పరిమాణంలో నిలిచారు. దగ్గరగా చూస్తే ఆ ముఖాలు నున్నగా లేవు. ముక్కు పక్కన ఒక ముదురు గీత, చెంపమీద ఒక ఎర్రని మరక, బట్ట మడతలకు చీపురుతో కొట్టినట్టున్న పెద్ద పెద్ద కుంచె జాడలు. ఒక కాలు మరీ పొట్టిగా, ఒక చెయ్యి మరీ సాగి ఉంది. ఇవన్నీ కింద నిలబడి మెడ ఎత్తిన మనిషి కోసం లెక్క కట్టి వేసినవి. తాను పరంజామీద గీస్తున్నది కింది నుంచి ఎలా కనిపిస్తుందో తనకే తెలియని స్థితిలో ఒక మనిషి అయిదేళ్ళు ఈ లెక్కను మనసులో పెట్టుకుని పనిచేశాడన్న సంగతి ఆ ఎత్తుకు వెళ్ళాకనే నాకు పట్టుబడింది.

ఆ చిత్రంలోనే ఒక మూల దేవదూత ఒకరు, ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ జర్మన్ బైబిలుకు నిప్పు పెడుతుంటారు. ఎంత భక్తి చిత్రమైనా అది ఆనాటి తగాదాలో ఒక పక్షం వేసిన చిత్రమే అని అది గుర్తుచేస్తుంది. రోగం పోవాలని వేడుకునే చోట ఎదుటివారి గ్రంథాన్ని కాల్చే బొమ్మ ఎందుకో నాకు మింగుడు పడలేదు. మా ప్రాంతపు ప్రొటెస్టెంటు మిత్రులు చూస్తే ఏమంటారో ఊహించుకోగలను.

వేదిక నుంచి గుమ్మటం శిఖరాన ఉన్న చిన్న కిటికీల గదికి ఇనుప మెట్లు ఎక్కాల్సివచ్చేది. అడుగు వేసినప్పుడల్లా మెట్లు కొంచెం ఊగేవి, సందుల్లోంచి కింది నేల కనిపించేది. అక్క వేదిక దగ్గరే ఆగిపోయింది. పైన చోటు ఇరుకు, కిటికీలకు జాలీ ఉండేది, కాబట్టి ఫోటోల కోసమే వెళ్ళేవారికి నిరాశ తప్పేది కాదు. నగరం మాత్రం బాగా అర్థమయ్యేది. ఉత్తరాన 136 మీటర్ల స్టీఫెన్ గోపురం, దాని చుట్టూ ముద్దకట్టిన పాత నగరం. దూరంగా 1897 నాటి జెయింట్ వీల్. వాయవ్యంగా కాలెన్‌బెర్గ్ కొండ. 1683లో ముట్టడిని ఛేదించిన సైన్యం దిగివచ్చింది ఆ కొండ మీది నుంచే. కార్ల్స్‌కిర్షె కట్టినప్పుడు అది కోటగోడలకు బయట, వీన్ అనే చిన్న నదికి అవతలి ఒడ్డున ఉండేది. గోడకు, నదికి మధ్య సైన్యం అవసరం కోసం ఖాళీగా ఉంచిన మైదానం. అందుకే కోట లోపలివారికి ఈ గుమ్మటం అడ్డు లేకుండా కనిపించేది. 1857లో ఫ్రాంజ్ యోసెఫ్ చక్రవర్తి గోడలు కూల్చమని ఆజ్ఞ ఇచ్చాడు, వాటి చోట రింగ్ రోడ్డు వచ్చింది, ఆ శతాబ్దం చివరికి నదిని కూడా ఇక్కడ కప్పివేశారు. ఇప్పుడు మనం మెట్రో దిగి నడిచే పార్కు కింద ఆ నీరు పారుతోంది. పైనుంచి మేనకోడలు, "మామా, ఆ కనబడేదే మా కాలేజీ" అని తన విశ్వవిద్యాలయం కప్పు చూపించింది. ఆ స్థలంలో అంతకుముందు శ్మశానం ఉండేది. 1741లో వియన్నాలో చనిపోయిన సంగీతకారుడు వివాల్డిని పూడ్చింది అక్కడే. ఇప్పుడు కార్ల్స్‌కిర్షెలో సాయంత్రాలు ఆయన స్వరాలే టికెట్టు పెట్టి వినిపిస్తున్నారు.

వెళ్ళదలచినవారికి నా సలహా ఒకటే: పైకి ఎక్కే ఏర్పాట్లు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కోండి, ఎక్కడానికి ముందు కింద బల్లమీద కూర్చుని గుమ్మటాన్ని తీరికగా చూడండి. కింది నుంచి చూడని చిత్రానికి పైన అర్థం ఉండదు. ప్రవేశానికి రుసుము ఉంది, ప్రార్థన సమయాల్లో తిరగనివ్వరు. కాళ్ళలో ఇంకా శక్తి మిగిలితే బెల్వెడేర్ రాజభవనానికి నడిచి వెళ్ళవచ్చు. దాన్ని కట్టిన హిల్డెబ్రాంట్ ఈ చర్చి నమూనా పోటీలో ఫిషర్ చేతిలో ఓడిపోయినవాడు. మేము అదే సాయంత్రం వెళ్ళాము. అక్క రెండింటినీ పోల్చి తన తీర్పు హిల్డెబ్రాంట్‌కే ఇచ్చింది. నేను, మేనకోడలు ఫిషర్ పక్షాన ఉన్నాము, ఆ వాదన నల్లగొండ చేరాక కూడా తెగలేదు.