దూత వెళ్లిపోయాక

రాత్రి పడుకోబోయే ముందు అమ్మ నా తలమీద చెయ్యి పెట్టి 91వ కీర్తనలోంచి ఒక్క వచనం చెప్పేది. "నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు ఆయన నిన్నుగూర్చి తన దూతలను ఆజ్ఞాపించును." గోడమీద ఒక పటం కూడా ఉండేది. విరిగిన వంతెన దాటుతున్న ఇద్దరు పిల్లలు, వాళ్ల వెనకే రెక్కలు చాపిన దూత. ఆ పిల్లల్లో ఒకదాన్ని నేనేనని చాలా ఏళ్లు నమ్మాను.

అమ్మ ఆసుపత్రిలో ఉన్న చివరి రాత్రి అదే వచనం నేను ఆమెకు చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తెల్లవారేలోపే వెళ్లిపోయింది. ఆ తర్వాత బైబిల్లో ఆ పేజీ వస్తే తిప్పేసేదాన్ని. కాబట్టి సంఘంవాళ్లతో పవిత్ర దేశ యాత్రకు బయల్దేరినప్పుడు నాలో ఉన్నది భక్తి అని చెప్పలేను. దూతలు వచ్చారని రాసి ఉన్న చోట్లన్నీ చూడాలి, వాళ్లతో ఒక లెక్క తేల్చుకోవాలి. ఇదీ నా ఆలోచన.

మొదట నజరేతు. మరియకు గబ్రియేలు దూత కనబడి యేసు పుట్టబోతున్నాడని చెప్పిన చోటని చెప్పే గుహమీద ఇప్పుడున్న పెద్ద దేవాలయాన్ని 1969లో ప్రతిష్ఠించారు. అంతకుముందే అక్కడ బైజాంటియను కాలంలో ఒకటి, క్రూసేడుల కాలంలో ఒకటి లేచి కూలాయి. కింది అంతస్తులో ఇనప చట్రం వెనక గుహ, గుహలో చిన్న బలిపీఠం. దానిమీద లాటిన్ అక్షరాలు. "వాక్యము ఇక్కడ శరీరధారియాయెను" అని అర్థమట. యోహాను సువార్తలో ఆ "ఇక్కడ" అన్న మాట లేదు. ఆ ఒక్క మాట కలిపినవాళ్ల ధైర్యం నాకు నచ్చింది.

పాస్టరుగారు అక్కడే లూకా మొదటి అధ్యాయం చదివారు. అందరం మరియ జవాబు దగ్గర "ఆమేన్" అన్నాం. ఆ వెంటనే ఉన్న చిన్న వాక్యం నా చెవిన పడింది: "అంతట దూత ఆమెయొద్దనుండి వెళ్లెను." ఇన్నేళ్లు చదివినా ఎప్పుడూ పట్టించుకోలేదు. చెప్పాల్సింది చెప్పి వెళ్లిపోయాడు. పెళ్లి నిశ్చయమైన యోసేపుతో ఎలా చెప్పుకోవాలో, ఊరి నోళ్లకు ఏం జవాబివ్వాలో, అవన్నీ ఆ పిల్ల మీదే వదిలేసి.

బేత్లెహేము పక్కన బేత్ సహూర్‌లో గొర్రెల కాపరుల పొలం. యేసు పుట్టాడని దూతలు కాపరులకు చెప్పింది ఇక్కడేనంటారు. అక్కడి చిన్న చాపెల్‌ను గుడారం ఆకారంలో కట్టింది ఆంతోనియో బర్లూచి అనే ఇటలీ వాస్తుశిల్పి, 1950లలో. గుమ్మటంలోంచి వెలుతురు నేరుగా నెత్తిమీద పడుతుంది, పాడితే గొంతు తిరిగి మన మీదకే వస్తుంది. మా ముందు ఏ దేశంవాళ్లో క్రిస్మస్ పాట పాడుతున్నారు, బయట ఎండ మండిపోతోంది. మేమూ తెలుగులో పాడాం. బాగానే పాడాం అనుకుంటా, బయట నిలబడ్డవాళ్లు తొంగిచూశారు. ఇక్కడా అదే కథ. పరలోక సైన్యసమూహం దేవుని మహిమపరచింది, తర్వాతి వచనంలోనే వెళ్లిపోయింది. కాపరులు చీకట్లో మిగిలారు. దూతల గురించి మాట్లాడుకుంటూ అక్కడే కూర్చోలేదు, శిశువును వెతుక్కుంటూ పోయారు.

యేసు పుట్టిన చోటని చెప్పే గుహమీది జననాలయంలోకి వెళ్లాలంటే నడుము వంచాలి. గుమ్మం ఎత్తు నాలుగు అడుగులే. లోపల పై గోడమీద 12వ శతాబ్దపు మొజాయిక్ దూతలు, అందరూ గుహ వైపే నడుస్తున్నట్టు. చాలాకాలం ఆరుగురే కనిపించేవారట. 2013లో మొదలైన మరమ్మతుల్లో, వేడిని పసిగట్టే కెమెరా పెట్టి చూస్తే గచ్చు వెనక ఏడో దూత బయటపడ్డాడు. అన్నాళ్లూ ఆ గచ్చు కిందినుంచే అతనూ అటే నడుస్తున్నాడన్నమాట.

మాతో వచ్చిన ఒక పెద్దావిడ ఆలివ్ కర్రతో చెక్కిన దూత బొమ్మ కొనుక్కున్నారు. "దీనికి మొక్కుతానని అనుకోకండి పాస్టరుగారూ" అని ఆవిడే ముందు నవ్వేశారు. పాస్టరుగారూ నవ్వి, ప్రకటన గ్రంథం చివర యోహాను దూత కాళ్లమీద పడబోతే అతను "వద్దుసుమీ, దేవునికే నమస్కారము చేయుము" అన్న సంగతి గుర్తుచేశారు. బస్సులో నాకు యెషయా ప్రవక్త దేవుని సింహాసనం దగ్గర చూసిన సెరాపులనే దూతలు గుర్తొచ్చారు. ఒక్కొక్కరికి ఆరు రెక్కలు. రెండింటితో ముఖం కప్పుకుంటారు, రెండింటితో కాళ్లు కప్పుకుంటారు, ఎగరడానికి రెండే. మనుషులకు కనబడగానే "భయపడకుము" అని ముందుగా చెప్పాల్సి వచ్చేది దూతలకు. వాళ్లే ముఖం కప్పుకుని నిలబడేది ఎవరి ముందు? ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. గోడమీది పటంలో దూత చాలా పెద్దగా ఉండేవాడు. దేవుడు పటంలో లేడు.

యెరూషలేములో గెత్సేమనే, సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన తోట. అక్కడి దేవాలయాన్ని 1924లో కట్టింది కూడా ఆ బర్లూచే. కాపరుల పొలంలో అంత వెలుతురు పోసిన మనిషి, ఇక్కడ కిటికీలకు ఊదారంగు రాతి పలకలు పెట్టి పట్టపగలే మసక చీకటి చేశాడు. బలిపీఠం ముందు గరుకు బండ. ప్రభువు ప్రార్థించినది దానిమీదే అంటారు. నేను మోకరించి లూకా 22 తెరిచాను. "ఈ గిన్నె తొలగించుము" అని, రాబోయే శ్రమ గురించి ఆయన తండ్రిని అడిగాడు. దూత వచ్చాడు, గిన్నె తొలగలేదు. "ఆయనను బలపరచెను" అంతే. వేదనపడి మరింత ఆతురంగా ప్రార్థించడం, చెమట రక్తబిందువుల్లా పడటం, ఇవి దూత వచ్చిన తర్వాతి మాటలు! (ఆ రెండు వచనాలు కొన్ని పాత ప్రతుల్లో లేవని పాస్టరుగారు తర్వాత చెప్పారు. నాకు ఆ వేళ అవి ఉన్నాయి, చాలు.)

బయటికొస్తే కిద్రోను లోయకు అవతల పాత దేవాలయ ప్రాకారం ఆగ్నేయ మూల. సాతాను యేసును నిలబెట్టిన దేవాలయ శిఖరం అదేనని ఒక పారంపర్యం. అక్కడ వాడు వల్లించిన వచనం ఏది? మా అమ్మ వచనమే. దూతలు నిన్ను ఎత్తుకుంటారు, దూకు. ఆ వచనాన్ని నేను ఆసుపత్రిలో ప్రోనోటులా దేవుడి ముందు చాపాను, ఇచ్చి తీరాలని. యేసు దూకలేదు. వాడు వెళ్లిపోయాక, పిలవకుండానే దూతలు వచ్చి పరిచర్య చేశారు.

ఆ ఆలివ్ చెట్ల దగ్గర నిలబడితే ఆ రాత్రి మళ్లీ గుర్తొచ్చింది. అమ్మ ఒకసారి కళ్లు తెరిచి "తిన్నావా?" అని అడిగింది. ముఖంలో భయం లేదు. నేనే వణుకుతున్నాను, ఆమె కాదు. అప్పుడు మంచం దగ్గరున్న నర్సే దూత అని బంధువులు అంటుంటారు. నేననను. ఆమె అలసిపోయిన మంచి మనిషి. భయం ఎవరు తీశారో మాత్రం ఆ మసక గుడిలో నాకు తెలిసినట్టయింది.

చివరి రోజు యేసు సమాధి దేవాలయం. సమాధి గదికి ముందుండే చిన్న గదిని దూత చాపెల్ అంటారు. సమాధి గుమ్మంనుంచి దూత దొర్లించాడని చెప్పే రాతిముక్క ఒక పీఠంలో ఉంది. రెండు గంటలు వరుసలో నిలబడ్డాం. లోపలికి వంగి వెళ్లి, చలువరాతి పలకమీద చెయ్యి పెట్టాను. "ఆయన ఇక్కడ లేడు" అని మత్తయి రాసిన మాట నోట్లోనే ఉంది. ప్రార్థన మొదలుపెట్టేలోపే బయటున్న సన్యాసి తలుపుమీద కొట్టి, త్వరగా రండి, త్వరగా అని సైగ చేశాడు.

కాస్త కోపం వచ్చింది. బయటికొచ్చి మిగతా వచనం వెతికాను. ఆ రాతిమీద కూర్చున్న దూత కూడా సమాధి చూడవచ్చిన స్త్రీలతో అన్నది అదే, త్వరగా వెళ్లి చెప్పండని. పెద్దావిడ నా చెయ్యి పట్టుకున్నారు, బస్సు దగ్గరికి నడిచాం.