కొబ్బరి నీడలో బండి, ఎండలో డిష్: కోనసీమలో ఉపగ్రహ టీవీ రికార్డింగ్ ఏర్పాటు

ఫిబ్రవరి. పాత టెంపో ట్రావెలర్‌ను ఇల్లుగా మార్చే పనిలో పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పూర్తయ్యాయి కాబట్టి ఇప్పుడు టీవీ వంతు వచ్చింది. మేము ఏటిగట్టున తిరుగుతున్నప్పుడు కూడా డీడీ భారతిలో వచ్చే కర్ణాటక సంగీత కచేరీలు వాటంతట అవే రికార్డు కావాలన్నది నా కోరిక. అందుకు దూరదర్శన్ వారి ఉచిత ఉపగ్రహ టీవీ సేవ ఫ్రీ డిష్‌ను ఎంచుకున్నాను. నెలనెలా చందా లేకపోవడం ఒక సౌకర్యమే కాని, అసలు కారణం వేరు: చందా డీటీహెచ్ సెట్‌టాప్ పెట్టెల్లో రికార్డు చేసినది సాధారణంగా ఆ పెట్టెలోనే ఆడుతుంది, ఫ్రీ డిష్‌లో గుప్తీకరణ లేని చానెల్‌ను తగిన పెట్టెతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే నాన్నగారు ఇంట్లో కంప్యూటర్‌పై ఎప్పుడైనా వినగలరు.

డిష్‌ను బండి కప్పు మీద బిగించాలా, నేల మీద నిలపాలా అన్నదే ఎక్కువగా ఆలోచించవలసిన విషయం. ఫ్రీ డిష్ ప్రసారాలను మోస్తున్న జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. అమలాపురం నుంచి లెక్క కడితే అది ఆగ్నేయంలో, ఉత్తరం నుంచి సవ్యదిశగా సుమారు 144 డిగ్రీల వద్ద, నేలమట్టానికి సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఇంత ఎత్తున ఉండడం మనకు కలిసివచ్చే సంగతి, ఎందుకంటే ఆగ్నేయాన 15 మీటర్ల కొబ్బరిచెట్టు ఉన్నా, మట్టల వెడల్పును కలుపుకొని పది మీటర్లు ఎడంగా జరిగితే డిష్‌కు ఆకాశం దొరుకుతుంది. అయితే వేసవిలో బండికి నీడ తప్పనిసరి, డిష్‌కు నీడ పనికిరాదు. కప్పు మీద బిగిస్తే రెండింటిలో ఒకటి వదులుకోవాలి. అందుకే 60 సెంటీమీటర్ల డిష్‌ను ముక్కాలి స్టాండు మీద, ఇసుక బస్తాల బరువుతో కాలువ గట్టున నిలిపి, 15 మీటర్ల ఆర్‌జీ-6 (డిష్‌లకు వాడే రకం) కేబుల్‌తో బండిలోకి తెచ్చాను. ధవళేశ్వరం నుంచి దిగివచ్చే కాలువల గట్ల మీద అంతటి ఖాళీ దాదాపు ఎక్కడైనా దొరుకుతుంది.

ఏప్రిల్. దిక్సూచిని బండికి దూరంగా నిలబడి చూడాలి, లేకపోతే ఇనుప శరీరం ముల్లును లాగేస్తుంది. ఆఫ్‌సెట్ డిష్ (సంకేతం అందుకునే భాగం నడిమధ్యన కాక కిందివైపు ఉండే రకం) అసలు చూసే ఎత్తుకన్నా ఇరవై డిగ్రీలకు పైగా కిందికి చూస్తున్నట్లు కనబడుతుంది కాబట్టి కంటి అంచనాను నమ్మకుండా స్టాండు మీది గుర్తులనే అనుసరించాలి. ఎల్‌ఎన్‌బీని (డిష్ ముందు చేతి చివర సంకేతాన్ని అందుకునే పరికరాన్ని) కూడా దాని స్థానంలోనే సుమారు 34 డిగ్రీలు తిప్పాలి, ఇది చాలామంది వదిలేసే మెట్టు. కేబుల్ బిగించేటప్పుడు పెట్టెను తప్పక ఆపాలి, ఎందుకంటే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు ఆ తీగలోనుంచే వెళ్తాయి.

పెట్టెకు 12 వోల్టులు చాలు. కాని చార్జింగ్ సమయంలో బ్యాటరీ 14 వోల్టులు దాటుతుంది కాబట్టి మధ్యలో 12 వోల్టుల స్థిరీకరణ పరికరం పెట్టాను. టీవీ ఆపి రికార్డింగ్ మాత్రమే నడిస్తే ఒక ఆంపియర్ లోపే ఖర్చవుతుంది, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. పెట్టెకు బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న తీగను విడిగా లాగడం అవసరం, ఎందుకంటే బండిలోని ప్రధాన స్విచ్ ఆపితే టైమర్ కూడా నిద్రపోతుంది. ప్రసారంలో వచ్చే గడియారం గ్రీనిచ్ సమయంలో ఉంటుంది కాబట్టి పెట్టెలో 5:30 గంటలు కలిపి సరిచేసుకోవాలి.

నిల్వకు గంటకు సుమారు ఒక గిగాబైట్ పడుతోంది. ఫ్యాట్-32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లు దాటదు, పొడవైన కచేరీలను రెండు టైమర్లుగా విభజించడం మేలు. గతుకుల దారుల్లో కుదుపులు తట్టుకోవడానికి హార్డ్‌డిస్క్ కన్నా ఎస్‌ఎస్‌డీయే నా ఎంపిక.

జూలై. అంతర్వేది వైపు బస చేసినప్పుడు ఉప్పుగాలి కేబుల్ చివరి కనెక్టర్లను త్వరగా తుప్పు పట్టిస్తుంది. సిలికాన్ గ్రీజు రాసి, తమలో తాము అతుక్కునే రబ్బరు టేపును రెండు పొరలుగా చుట్టిన జోడింపు బాగా నిలుస్తోంది. ఇక కుండపోత వానకు మందు లేదు. ఫ్రీ డిష్ వాడే కేయూ బ్యాండ్ (అధిక పౌనఃపున్య తరంగాల) సంకేతాన్ని వానచినుకులే పీల్చుకుంటాయి, కాబట్టి గట్టి వాన ఉన్నంతసేపు చిత్రం గళ్లుగళ్లుగా విడిపోయి ఆ భాగం రికార్డులో కూడా అలాగే ఉంటుంది. ముఖ్యమైన కచేరీకి పునఃప్రసారం ఉంటే దానికి కూడా టైమర్ పెడుతున్నాను.

ప్రస్తుత పెట్టెలో సంకేతాన్ని ఎంచుకునే ట్యూనర్ ఒకటే ఉంది. వేరే ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలోని మరో ప్రసార మార్గం) మీది వార్తలు చూడాలంటే రికార్డింగ్ ఆపవలసిందే, అందుకే రెండు అవుట్‌పుట్‌ల ఎల్‌ఎన్‌బీ, రెండో పెట్టె కొనాలని నిర్ణయించాను. రెండో కేబుల్‌కు కిటికీ కింద రంధ్రం ఇప్పటికే తీసి ఉంచాను.