చాచిన చేతులు

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు వదల్లేదు. 99 నంబరు బస్సెక్కి యూనివర్సిటీ దగ్గరున్న ఆంత్రపాలజీ మ్యూజియానికి వెళ్లాను. వాంకూవర్ వచ్చాక ఇది మూడోసారి. మూడుసార్లూ శిల్పి జో డేవిడ్ చెక్కిన మనిషి కోసమే.

ఎర్ర సెడార్ దుంగలో మలిచిన మనిషి. నేను తలెత్తి చూడాలి. రెండు చేతులూ ముందుకు చాచి ఉంటాడు. వాంకూవర్ ద్వీపం పడమటి తీరంలో ఉండే ఆదివాసులు నూ-చా-నుల్త్‌లు. వాళ్ల ఊళ్లలో ఇలాంటి బొమ్మలను సముద్రపు ఒడ్డున నిలిపేవారు, విందుకు పడవల్లో వచ్చే చుట్టాలకు ఎదురొచ్చి రమ్మన్నట్టుగా.

ఆ జాతివాడే అయిన జో డేవిడ్ 1946లో పుట్టిన ఓపిట్సాట్ ఊరు, ఆ తీరంలోని టొఫినో అనే చిన్న ఊరికి ఎదురుగా మీర్స్ ద్వీపంలో ఉంది. అక్కడి అడవి కొట్టడానికి మాక్‌మిలన్ బ్లోడెల్ కంపెనీ సిద్ధమైతే, దానికి నిరసనగా 1984లో ఈ మనిషిని చెక్కారు. రాష్ట్ర రాజధాని విక్టోరియాలో శాసనసభ ముందుకు తీసుకెళ్లి నిలబెట్టారు. అంత కోపంలో ఉన్నప్పుడు బొమ్మ చేతికి గొడ్డలి ఇవ్వడం ఎంత తేలిక! ఆయన ఆ అరచేతులను ఖాళీగా ఉంచారు. ఆ చేతుల కిందే నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఆ నవంబరులో చెట్లు కొట్టేవాళ్లు ద్వీపానికి వస్తే, నూ-చా-నుల్త్‌లలోనే ఒక తెగ అయిన త్లా-ఓ-క్వి-ఆట్‌ల నాయకుడు మోజెస్ మార్టిన్ కూడా వాళ్లను అతిథులుగానే రమ్మన్నారు. ఇది మా తోట, రంపాలు మాత్రం పడవలోనే పెట్టి రండి అన్నారు. 1985లో కోర్టు నరకడాన్ని ఆపింది.

తిరిగి వస్తూ ఊళ్లో దిగి, ఒక గ్యాలరీలో జో డేవిడ్ స్క్రీన్ ప్రింటు చూశాను. తెనాలిలో మామయ్య పెళ్లిపత్రికల దుకాణంలో సెలవులన్నీ గడిపినదాన్ని కదా, నా కళ్లు ముందు రంగుల అంచుల మీదికే పోతాయి. స్క్రీను వెంట్రుకవాసి జరిగినా ఎరుపు నలుపులోకి పాకుతుంది. ఇక్కడ ఎక్కడా పాకలేదు. పక్క నుంచి చూస్తే ఇంకు కాగితం మీద సన్నని పొరలా ఉబ్బి కనిపించింది. ఇదే తీరంలో ఇంకా ఉత్తరాన ఉండే హైడా ఆదివాసుల బొమ్మల్లో గీతలు బిగువుగా అల్లుకుంటాయి. ఈ గీతలు వంపు తిరిగి, చుట్టూ బోలెడు తెల్లకాగితాన్ని వదిలేస్తాయి. నాకు ఇవే ఇష్టం.

రాత్రి మామయ్యకు ఫోను చేశాను. అక్కడ దుకాణం తెరిచే వేళ. అంతా విని, "ఎరుపు ముందు లాగారా అమ్మాయ్, నలుపు ముందా?" అని అడిగారు. నలుపు అంచు ఎరుపు మీదికి ఎక్కి ఉందా లేదా, గుర్తు రాలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లాలి.