గట్టిగా స్కీ చేసేవాళ్లకి ఒక్క జత చాలాలంటే

"అక్కా, ఒక్క జతే కొంటాను. గట్టి మంచు మీద పట్టు ఉండాలి, పౌడర్‌లో (కొత్తగా పడ్డ మెత్తటి మంచులో) మునగకూడదు, స్పీడ్‌గా పోతే వణకకూడదు. ఏది తీసుకోను?" అని బెల్‌వ్యూలో ఉండే ఒక చెల్లాయి మెసేజ్ పెట్టింది. ఫోన్‌లో చెప్తే గంట పడుతుంది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా.

ఆ అమ్మాయి కొత్తగా నేర్చుకుంటున్న మనిషి కాదు. బ్లాక్ డైమండ్ (బాగా నిటారుగా, కష్టంగా ఉండే) రన్‌లు ఆగకుండా దిగుతుంది, బ్రేకులేయడం పెద్దగా ఇష్టం ఉండదు. ఇలాంటివాళ్లు షాపుకెళ్లి "ఆల్ మౌంటెన్ స్కీ కావాలి" అంటే తేలేది ఏమీ ఉండదు. ఎనభై చిల్లర మిల్లీమీటర్ల నడుము ఉన్నవాటి దగ్గర్నుంచి నూరు దాటినవాటి దాకా అన్నిటినీ ఆ పేరుతోనే అమ్ముతున్నారు. నడుము అంటే బూటు కింద స్కీ వెడల్పు. అది తక్కువైతే ఒక అంచు మీంచి ఇంకో అంచు మీదికి చకచకా మారుతుంది, గట్టి మంచును బాగా కోస్తుంది. ఎక్కువైతే మెత్తటి మంచులో తేలుతుంది, కానీ గట్టి మంచు మీద రోజంతా తిప్పితే సాయంత్రానికి మోకాళ్లు పలకరిస్తాయి.

నా లెక్క ఒకటే. మంచు బాగున్న రోజు ఏ స్కీ అయినా బాగానే ఉంటుంది. కాబట్టి బాగోలేని రోజును చూసి కొనాలి. మన వాషింగ్టన్ రాష్ట్రంలో బాగోలేని రోజులకు కరువేం లేదు కదా. పసిఫిక్ మీంచి వచ్చే తేమతో పడే మంచు బరువుగా ఉంటుంది, క్యాస్కేడ్ కొండల పేరు మీద "క్యాస్కేడ్ కాంక్రీట్" అని ఇక్కడివాళ్లు ఊరికే అనలేదు. మధ్యలో ఓసారి వాన పడుతుంది, రాత్రికి గడ్డ కడుతుంది. క్రిస్టల్ మౌంటెన్ స్కీ రిసార్ట్‌లో రాత్రంతా మంచు పడిందని తెల్లారకముందే బయల్దేరి వెళ్తాం. అక్కడి గ్రీన్ వ్యాలీ వాలులో రెండు మూడు రన్‌లు స్వర్గం. మధ్యాహ్నానికి అది దుక్కి దున్నిన చేనులా తయారవుతుంది, తడి బెడ్డలూ గుంటలూ. అక్కడ తేలే గుణం కన్నా బెడ్డ తగిలినా దారి తప్పని బరువు కావాలి.

ఆ బరువూ నిలకడా ఎక్కువగా వచ్చేది లోపల వేసే టైటనాల్ రేకుల నుంచి. పలుచటి అల్యూమినియం మిశ్రమ లోహం అది. చెక్క కోర్‌కి పైనా కిందా ఈ రేకులు అతికిస్తే స్కీ అదురు తగ్గుతుంది, అంచు మంచులోంచి ఊడిరాదు. 2024 దాకా వచ్చిన బ్లిజార్డ్ బోనఫైడ్ 97లోనూ, నార్డికా ఎన్‌ఫోర్సర్ 100లోనూ ఇలాంటివి రెండేసి ఉంటాయి. ఫోల్క్ల్ మాంట్రా ఎం6ది ఇంకో దారి. నడుము 96, పైన నిండు రేకు బదులు అంచుల వెంబడి ఫ్రేమ్‌లా వేసిన రేకు. పక్క వంపు కూడా ముందు పొడవుగా, మధ్యలో బిగుతుగా, వెనక ఆ రెంటికీ మధ్యగా ఉంటుంది. అందుకే పెద్ద టర్న్‌లు కొడుతూ పోతున్నప్పుడు కూడా మోకాలు కాస్త ఎక్కువ పక్కకి వాలిస్తే చటుక్కున చిన్న టర్న్‌లోకి వస్తుంది. హెడ్ కోరే 99 లాంటివి ఇంకో జాతి, మెటల్ లేకుండా తేలిగ్గా ఉంటాయి. చెట్ల మధ్య, స్కీలు భుజాన మోసుకుని పైకి నడిచేటప్పుడు హాయి. కానీ బెడ్డల్లో స్పీడ్ పెంచితే ముందు కొస కొట్టుకుంటుంది. గట్టిగా తొక్కేవాళ్లకి అది నచ్చదు, నాకూ నచ్చలేదు.

ఊరు మారితే లెక్క మారుతుంది. యూటాలో ఆల్టా, స్నోబర్డ్ దగ్గర మంచు పొడిగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి 104 దాకా వెళ్లినా తప్పులేదు. గట్టి మంచు ఎక్కువగా ఉండే వెర్మాంట్‌వాళ్లయితే 88 చాలు, బ్లిజార్డ్ బ్రామా 88 లాంటిది. ఇక్కడికి మాత్రం 95 నుంచి 100 మధ్యలోనే ఉండండి.

ఆడవాళ్ల కోసం ఒక మాట విడిగా చెప్పాలి. షాపులో అడుగుపెట్టగానే లేడీస్ గోడ దగ్గరికి తీసుకెళ్తారు. నేను వాళ్లకి నా బరువు అరవై నాలుగు కిలోలు, అల్పెంటల్‌లో ఇంటర్నేషనల్ లాంటి నిటారు రన్‌లు దిగుతాను అని చెప్పినా, ఒక షాపులో కుర్రాడు "ఇది మెత్తగా ఉంటుంది మేడమ్, అలసట రాదు" అంటూ ఇంటర్మీడియట్ స్కీ చేతిలో పెట్టాడు. నార్డికాలో ఆడవాళ్లకి వచ్చే శాంటా ఆనాలో ఒకటే రేకు, ఎన్‌ఫోర్సర్‌లో రెండు. ఫోల్క్ల్ సీక్రెట్ 96 మాత్రం దాదాపు మాంట్రానే, పొట్టి సైజుల్లో కూడా దొరుకుతుంది. కాబట్టి గోడ మీది బోర్డు కాదు, లోపల ఏముందో అడగండి. బరువు తక్కువున్నవాళ్లకి రెండు రేకుల స్కీ నిజంగానే మొండిగా అనిపించొచ్చు, అది వేరే సంగతి.

సైజు దగ్గర భయపడొద్దు. ముందు కొస పైకి లేచి ఉండే రాకర్ స్కీలు మంచుని తాకే పొడవు, కనిపించే పొడవు కన్నా తక్కువ. గట్టిగా పోయేవాళ్లు తల ఎత్తుకి అటూ ఇటుగా తీసుకోవచ్చు. నా ఎత్తు 168, నాది 170 మాంట్రా.

డెమో తీసుకోకుండా కొనకండి. కొండ కింద ఉండే షాపుల్లో రోజుకి అద్దెకిస్తారు, కొన్నిచోట్ల తర్వాత కొంటే ఆ డబ్బు తగ్గిస్తారు. చాలామంది పొద్దున్నే గ్రూమర్ (యంత్రంతో చదును చేసిన వాలు) మీద రెండు రన్‌లు చేసి "సూపర్" అని తిరిగొస్తారు. అది పరీక్షే కాదు. మధ్యాహ్నం దాకా ఉంచుకోండి. చెడిపోయిన మంచు మీద పెద్ద టర్న్ మొదలుపెట్టి, మధ్యలో అనుకోకుండా ఆపేసి పక్కకి జారించండి. వెనక కొస వదిలిందా, పట్టుకుని లాగిందా? లాగితే మొదట అంచుల పదును చూడండి. డెమో జతలకు కొసల దాకా పదును పెట్టేస్తుంటారు, దానికి స్కీని తప్పుపట్టకూడదు. కొసల దగ్గర కాస్త పదును తీయమని అడిగితే రెండు నిమిషాల పని. ఆ తర్వాత కూడా లాగితే అప్పుడు అది మీ స్కీ కాదు. చివరగా మోగుల్స్‌లో (వరసగా ఉండే మంచు దిబ్బల మీద) ఒకసారి, కాళ్లు అలసిపోయాక. రెండు కిలోల పైమాటగా ఉండే స్కీ పొద్దున చెప్పే కబురొకటి, మూడు గంటలకి చెప్పే కబురొకటి.

ధర సంగతి: కొత్త మోడల్ బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచేది) లేకుండానే ఏడెనిమిది వందల డాలర్లు. మా అమ్మకి చెప్తే "ఆ డబ్బుతో ఉంగరం వచ్చేదిగా" అంది. ఏప్రిల్‌లో అదే స్కీ బాగా తగ్గుతుంది, రంగు తప్ప మార్పు లేని ఏడాదైతే పాత మోడలే తీసుకోండి.

బైండింగ్ కొనేటప్పుడు దాని బ్రేకు (స్కీ ఊడితే జారిపోకుండా ఆపే కమ్మీలు) వెడల్పు నడుము కన్నా కొంచెం ఎక్కువుండేలా చూసుకోండి. 96కి 100 సరిపోతుంది, 90 పట్టదు, 120 అయితే మంచుకి తగిలి ఈడుస్తుంది. బూటు అడుగు గ్రిప్‌వాక్ (నడవడానికి వీలుగా చేసిన అడుగు) అయితే దానికి పనికొచ్చే బైండింగే కావాలి. డిన్ (ఎంత బలం పడితే బూటు ఊడాలో చెప్పే సెట్టింగ్) మాత్రం ఫ్రెండ్స్ చెప్పిన నెంబర్ పెట్టించుకోవద్దు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు స్కీ చేసే తీరు, ఇవన్నీ చార్ట్‌లో చూసి షాపువాళ్లే పెడతారు. అక్కడ బరువు నిజం చెప్పండి, మొహమాటపడకండి.

చెల్లీ, బోనఫైడ్, మాంట్రా రెండూ దొరికితే ఒకే రోజు డెమో తీసుకో. నీ తొక్కుడు చూస్తే బోనఫైడ్ అనిపిస్తోంది.